జెండర్ స్టడీస్ విభాగానికి విరాళాలు: కొత్త విభాగాధిపతికి ఒక లేఖ

అమ్మా,

విభాగాధిపతి బాధ్యత నీ చేతికి వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. దాతల్ని ఏం అడగాలి, వాళ్లిచ్చిన డబ్బు దేనికి పెట్టాలి అని రాశావు. అన్నిటికంటే ముందు ఒకటి గట్టిగా పట్టుకో. యూనివర్సిటీ ఇవ్వాల్సినది ఇస్తూండగా, దానిమీద అదనంగా వచ్చినప్పుడే విరాళం విభాగానికి బలం. జీతాల పద్దులో యూనివర్సిటీ డబ్బు తప్పుకుని దాత డబ్బు వచ్చి కూర్చుంటే, అది ఆగిన ఏడాదే పోస్టూ పోతుంది. నేను రాసే మిగతా సలహాలన్నీ ఈ ఒక్కటి కాపాడుకోవడానికే.

ఈ ప్రమాదం మన విభాగాలకి మరీ ఎక్కువ. 1970లో అమెరికాలోని శాన్ డియెగో స్టేట్ కాలేజీలో, జెండర్ స్టడీస్‌కి ముందు రూపమైన స్త్రీ అధ్యయనాల కార్యక్రమం మొదలైన నాటి నుంచీ ఈ చదువు చాలాచోట్ల చరిత్ర, సాహిత్యం, సోషియాలజీ వాళ్ల సహకారంతోనే నడుస్తోంది. పాఠం మన దగ్గర చెప్తారు, ప్రమోషన్ ఫైలు వాళ్ల మాతృవిభాగంలో ఉంటుంది. అక్కడ ఒకరు రిటైరైతే ముందు ఆగేది మన కోర్సే. అందుకని ఏ దాత దగ్గరికీ వెళ్లకముందే ఒక పట్టిక వెయ్యి. నాలుగు గళ్లు చాలు: కోర్సు పేరు, ఎవరు చెప్తున్నారు, జీతం ఏ పద్దులోంచి వస్తోంది, ఆ మనిషి రేపు లేకపోతే ఎవరు చెప్తారు. నాలుగో గడి ఎక్కడ ఖాళీగా ఉందో అక్కడే విభాగానికి సాయం కావాలి. ఈ పట్టిక లేకుండా వెళ్తే దాత "మీకేం కావాలి?" అన్నప్పుడు నీ దగ్గర జవాబుండదు. అప్పుడు ఆయనకి తోచినదే ఇస్తారు, అది చాలాసార్లు ఒక సెమినార్ హాలో, ఏడాదికొక స్మారకోపన్యాసమో అవుతుంది. ఉపన్యాసం మంచిదే, కానీ దానివల్ల పాఠం చెప్పే మనిషి రాడు.

శాశ్వత నిధి లెక్క నీకు నోటికి వచ్చి ఉండాలి. అసలు మొత్తాన్ని కదపకుండా ఏటా 4 నుంచి 5 శాతం మాత్రమే ఖర్చుకి తీస్తారు. అంటే 4 శాతం చొప్పున, ఏటి ఖర్చుకి 25 రెట్లు నిధి కావాలి, 5 శాతమైతే 20 రెట్లు. మార్కెట్ ఎగుడుదిగుళ్లు విభాగం మీద పడకుండా చాలాచోట్ల గత మూడేళ్ల విలువల సగటు మీద ఈ శాతం కడతారు. మీ ఫైనాన్స్ ఆఫీసులో ఏ పద్ధతి ఉందో రాతపూర్వకంగా తెలుసుకో. నిర్వహణ రుసుము ఎంత కోస్తారు, ఓవర్‌హెడ్, అంటే ఉమ్మడి నిర్వహణ ఖర్చుల కింద యూనివర్సిటీ ఏమైనా తీసుకుంటుందా అన్నదీ అప్పుడే అడుగు. దాతకి ఒక అంకె చెప్పాక, చేతికి వచ్చేది అంతకంటే తక్కువని తేలితే నీ మాట పలచనవుతుంది.

ప్రొఫెసర్ పీఠం, అంటే శాశ్వత నిధి రాబడితో నడిచే ప్రొఫెసర్ పోస్టు, అడిగేటప్పుడు చేసే తప్పు ఒకటుంది. చేరిన నాటి జీతానికి 25 రెట్లు లెక్కకట్టి ఊరుకుంటారు. పింఛను వాటా, సెలవు జీతం, పరిశోధన ఖర్చు అందులో ఉండవు. పైగా జీతం ఏటా పెరుగుతుంది, నిధి రాబడి కొన్నేళ్లు అసలు పెరగకపోవచ్చు. పదేళ్లు తిరిగేసరికి ఆ తేడా విభాగం నెత్తిన పడుతుంది. తేడా ఎవరు భరించాలో ఒప్పందంలో రాయించు. ఇంకొకటి, దాత ఐదేళ్లలో ఇస్తానన్న మొత్తాన్ని నమ్ముకుని మొదటి ఏడాదే ఎవర్నీ శాశ్వతంగా తీసుకోకు. శాశ్వత నిధి నుంచి మొదటి రాబడి రావడానికి సాధారణంగా ఏడాది పడుతుంది. అందుకే నిధితోపాటు వెంటనే ఖర్చు పెట్టుకునే చిన్న మొత్తం కూడా అడుగు.

నన్నడిగితే, పెద్ద పేరున్న పీఠం కంటే ముందు షరతుల్లేని చిన్న నిధి సంపాదించు. మన పరిశోధనలో ఎక్కువ భాగం మనుషులతో మాట్లాడి చేసేది, దాని అసలు ఖర్చు ఏ గ్రాంటు దరఖాస్తులోనూ సరిగ్గా కనిపించదు. ఒక విద్యార్థి 30 మందిని, ఒక్కొక్కరిని గంటన్నర ఇంటర్వ్యూ చేసిందనుకో. 45 గంటల రికార్డింగు. అలవాటున్న చేతికైనా ఒక గంట మాటని అక్షరాల్లో పెట్టడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది, అంటే 180 నుంచి 270 గంటల పని. యాస కొత్తదైతే, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే, వెనక మిషను చప్పుడుంటే ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ చేసి పెడుతుంది కదా అంటారు. మొదటి చిత్తుప్రతికి పనికొస్తుంది, కానీ హింస గురించి చెప్పిన ఒక స్త్రీ గొంతుని ఆమె అనుమతి లేకుండా బయటి సర్వర్‌కి ఎక్కించకూడదు. ఆ డబ్బు దొరక్క విద్యార్థి 30కి బదులు 12 మందితో సరిపెట్టుకుంటుంది, మిగతా గొంతులు థీసిస్‌లోకి రావు. రికార్డరు, బస్సు ఖర్చులు, ఆ రోజు పని మానుకుని మాట్లాడినవాళ్లకి ఇచ్చే మొత్తం, పిల్లల్ని చూసుకునే మనిషికి ఖర్చు, రాసిపెట్టేవాళ్ల కూలీ, ఇవన్నీ ఆ చిన్న నిధిలోంచే రావాలి. దరఖాస్తు ఒక్క పేజీ, నిర్ణయం రెండు వారాల్లో. అంతకంటే సాగదీస్తే దాని ప్రయోజనం పోతుంది.

ఫెలోషిప్పుల్లో అయితే పరిశోధన చివరి ఏడాదిని చూడు. క్షేత్రపని అయిపోతుంది, స్కాలర్‌షిప్ గడువు తీరుతుంది, థీసిస్ సగంలో ఉంటుంది, ఉద్యోగంలో చేరక తప్పదు. చాలామంది ఆడపిల్లలు చదువు వదిలేసేది అక్కడే. 6 నుంచి 9 నెలల ఫెలోషిప్ ఇస్తే థీసిస్ పూర్తవుతుంది. 1970లలో అమెరికాలోని దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ స్త్రీల గురించి పరిశోధించే డాక్టరేట్ విద్యార్థులకీ అధ్యాపకులకీ ఫెలోషిప్పులిచ్చింది. అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న రంగానికి మనుషుల్ని తయారుచేసిన డబ్బు అది. దాతలకి ఈ ఉదాహరణ చెప్పు, సులువుగా అర్థమవుతుంది.

కాగితాలు, ఉత్తరాలు, ఫొటోలు ఇస్తామనేవాళ్లూ వస్తారు. 1943లో అమెరికాలో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మాడ్ వుడ్ పార్క్ తన ఓటుహక్కు ఉద్యమ పత్రాలు రాడ్‌క్లిఫ్ కాలేజీకి ఇచ్చారు, స్త్రీల చరిత్ర పత్రాలు భద్రపరిచే నేటి ష్లెసింగర్ లైబ్రరీ ఆ సేకరణ మీదే పెరిగింది. కాబట్టి తేలిగ్గా తీసుకోకు. కానీ పెట్టెలతోపాటు వాటిని సర్ది, జాబితా రాసే మనిషికి జీతం కూడా అడుగు. అది లేకపోతే పెట్టెలు పెట్టెల్లాగే ఉండిపోతాయి. శబ్ద రికార్డులకి చోటు పెద్ద ఖర్చు కాదు. మంచి నాణ్యతతో ఒక గంట స్టీరియో రికార్డింగు సుమారు 1 జీబీ. మూడు ప్రతులుంచి, ఒకటి వేరే ఊళ్లో పెట్టించు. ఎవరి మాట ఎప్పటిదాకా మూసి ఉంచాలో చెప్పే అనుమతి పత్రాలు రికార్డుతోపాటే ఉండాలి.

ఇక ఒప్పందపత్రం. విభాగం తరఫున నువ్వు చదివి, యూనివర్సిటీ న్యాయ సలహాదారుకి చూపించిన తర్వాతే సంతకాలు జరగాలి. ఉద్దేశాన్ని మరీ ఇరుగ్గా రాయనివ్వకు. "ఫలానా జిల్లాలో ఫలానా వృత్తి స్త్రీల మీద పరిశోధనకి" అని రాస్తే కొన్నేళ్లకి అర్హులే దొరకరు, డబ్బు పద్దులో మూలుగుతుంది. "జెండర్ అధ్యయనాల్లో బోధన, పరిశోధనకి, ఫలానా అంశానికి ప్రాధాన్యంతో" అని రాస్తే దాత ఇష్టమూ నిలుస్తుంది, నీ చేతులూ కట్టేసినట్టుండవు. స్కాలర్‌షిప్ స్త్రీలకే అని రాసే ముందు అక్కడి వివక్ష వ్యతిరేక చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కో. కొన్ని దేశాల్లో అర్హతని మనిషి లింగం బట్టి కాక చదివే విషయం బట్టి రాయాల్సి వస్తుంది.

ఎంపికలో దాత ఉండకూడదు, ఆయన ప్రతినిధి కూడా. పరిశోధన ఫలితాలు అచ్చయ్యేముందు దాతకి చూపించాలన్న షరతుంటే, ఎంత పెద్ద మొత్తమైనా వద్దను. డబ్బు ఎక్కడిదో ముందే ఆరా తియ్యి. దాత మీద రేపు వేధింపుల కేసు రుజువైతే ఆ పేరుతో ఫెలోషిప్ తీసుకునే పిల్ల పరిస్థితి ఏమిటి? పేరు తొలగించే అధికారం యూనివర్సిటీకి ఉండేలా ఒక వాక్యం పెట్టించు. విభాగం పేరు మారినా, వేరేదానిలో కలిపినా, మూసేసినా నిధి ఎక్కడికి పోవాలో చెప్పే వాక్యం ఇంకా ముఖ్యం. 2018లో హంగరీ ప్రభుత్వం జెండర్ స్టడీస్ మాస్టర్స్ కోర్సులకి గుర్తింపు తీసేసింది. 2023లో అమెరికాలోని న్యూ కాలేజ్ ఆఫ్ ఫ్లోరిడా ట్రస్టీలు అక్కడి జెండర్ స్టడీస్ కార్యక్రమాన్ని రద్దుచేయడానికి ఓటేశారు. ఏ విరాళమూ అలాంటి నిర్ణయాన్ని ఆపలేదు. కానీ ఆ వాక్యం లేకపోతే నిధి సాధారణ ఖాతాలో కలిసిపోవచ్చు, ఉంటే ఆ విషయం మీద పనిచేసే విద్యార్థులకే చేరుతుంది.

మొదట రాసిన మాటని కూడా ఒప్పందంలోకి ఎక్కించు: "ఈ విరాళం కారణంగా విభాగానికి యూనివర్సిటీ ఇస్తున్న పోస్టులు, బడ్జెట్ తగ్గించరాదు, ప్రస్తుత పోస్టుల సంఖ్య ఇంత." సంఖ్య తప్పకుండా ఉండాలి. అంకె లేని హామీని తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. రిజిస్ట్రార్ ఒప్పుకోకపోతే దాత చేతనే అడిగించు. ఆ సమయంలో దాత మాటకి ఉన్న విలువ సంతకాలయ్యాక ఉండదు.

విరాళం అందిన వారంలోపు నీ చేత్తో కృతజ్ఞతా పత్రం వెళ్లాలి. ఏడాదికొకసారి ఒక పేజీ నివేదిక, జతగా ఖర్చుల పట్టిక పంపు. ఖర్చు కాని మొత్తం ఉంటే దాచకు, ఎందుకు మిగిలిందో రాయి. చిన్న మొత్తాలిచ్చే పూర్వవిద్యార్థులకీ ఇదే మర్యాద. నెలనెలా కొంచెం ఇచ్చే 200 మందిలో పదిమంది మానేసినా విభాగం ఆగదు, ఒక్క పెద్ద దాత మీద ఆధారపడితే ఆ భరోసా ఉండదు. ఫెలోషిప్ పొందిన పిల్లల ఫొటోలు, కష్టాలు దాతల విందుల్లో ప్రదర్శనకి పెట్టకు. ఎవరైనా ఇష్టపడి రాస్తే, వాళ్లు చూసి సరేనన్నంతవరకే పంపు.

కొత్త దాతని వెతికే ముందు ఫైనాన్స్ ఆఫీసుకి ఒక లేఖ రాయి. విభాగం పేరుతోనో, దాని పాత పేరుతోనో ఉన్న నిధులన్నిటి జాబితా, ఒక్కోదాని ఒప్పంద ప్రతి, గత ఐదేళ్ల ఖర్చు అడుగు. పాతవాళ్లు మారిపోయాక ఎవరూ పట్టించుకోని పద్దులు ఒకటో రెండో బయటపడుతుంటాయి. షరతు ఇరుకై ఆగిపోయిన నిధి ఉంటే దాత కుటుంబాన్ని కలిసి, వాళ్ల సమ్మతితో ఉద్దేశాన్ని సవరించుకో. ఆ జాబితా రాగానే ఒక ప్రతి నాకూ పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో.