అమ్మలూ, ముందు ఆ స్ప్రే డబ్బా పక్కన పెట్టు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడ్చినంత పని చేశావు. రాత్రి పాపకి పాలు కలపడానికి లైటు వేస్తే వంటగట్టు మీంచి పది పదిహేను బొద్దింకలు పరిగెత్తాయన్నావు. ఫోన్లో చెబితే సగం నువ్వు వింటావు, సగం పాప లాగేసుకుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

నువ్వు పంపిన ఫోటో కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. లేత గోధుమరంగు, అరంగుళం ఒళ్లు, తల వెనకాల రెండు నల్ల చారలు. ఇవి తూముల్లోంచి వచ్చే పెద్ద ఎర్రవి కావు, జర్మన్ బొద్దింకలు. "బయట్నుంచి వస్తున్నాయి పెద్దమ్మా" అన్నావే, రావట్లేదు తల్లీ, నీ వంటింట్లోనే పుడుతున్నాయి. ఆడది గుడ్ల సంచిని వెనకాల తగిలించుకుని తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30, 40 గుడ్లు. నువ్వు కొట్టే స్ప్రే తల్లిని చంపుతుందేమో గానీ ఆ సంచిలోకి దిగదు.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. గవర్నర్‌పేటలో అద్దెకున్నప్పుడు రెండు డబ్బాలు ఖాళీ అయ్యేదాకా కొట్టి, తలుపులు మూసి, సెకండ్ షోకి వెళ్లాం. వచ్చి చూస్తే చేటెడు చచ్చి పడున్నాయి. మహా సంబరపడ్డాను. వారం తిరక్కుండా మిగిలినవి బీరువాలో, దేవుడి పటాల వెనక, టీవీలో కాపురాలు పెట్టాయి. అప్పటిదాకా వంటింటి బాధ, ఆ తర్వాత ఇంటి బాధ. మిక్సీ ఆగిపోయిందని రిపేరు అబ్బాయిని పిలిస్తే అడుగు మరలు నాలుగూ విప్పి పేపరు మీద బోర్లించాడు. ఏం రాలాయో నేను రాయను. మీ పెదనాన్న రెండు నెలలు పచ్చడి ముట్టలేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది వాటికి భోజనం పెట్టడం. బొద్దింకల జెల్ అని సిరంజిలో అమ్ముతారు. అది తిన్న పురుగు వెంటనే చావదు, సందులోకి పోయి చస్తుంది. దాని రెట్టనీ శవాన్నీ మిగతావి తింటాయి, అవీ పోతాయి. పెద్ద ముద్దలు పెట్టకు, పెసరగింజంత చుక్కలు చాలు, కానీ చాలా చోట్ల పెట్టాలి. కప్‌బోర్డు తలుపుల కీళ్ల దగ్గర, సొరుగుల మూలల్లో, సింకు కింద పైపు గోడలోకి దూరే చోట, ఫ్రిజ్ వెనకాల, మిక్సీ పెట్టే మూలన. పెట్టాక ఆ చుట్టుపక్కల స్ప్రే కొట్టకూడదు, ఫినాయిల్‌తో తుడవకూడదు. ఆ వాసనకి అవి జెల్ దగ్గరికే రావు. అల్లుడుగారి చేతిలోంచి ఆ డబ్బా లాక్కోవడమే నీకు పెద్ద పని.

మూడో రోజుకి పట్టపగలే తూలుతూ కనబడతాయి. కంగారుపడకు, మందు పనిచేస్తోందని అర్థం. మూడు వారాలకి గుడ్లలోంచి పిల్లలు వస్తాయి, అప్పుడు మళ్లీ చుక్కలు పెట్టు. అందరూ తప్పేది ఇక్కడే, తగ్గాయి కదా అని మానేస్తారు. నెలన్నర దాటినా తగ్గకపోతే ఇంకో జెల్ కొను, అయితే ట్యూబు మీద పేరు కాదు, లోపలి మందు వేరేది ఉండాలి.

జెల్ తినాలంటే వేరే తిండి దొరక్కూడదు. రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచకు. సింకు పొడిగుడ్డతో తుడిచి పడుకో, తడి పీచు గట్టు మీద వదలకు. నీళ్లు లేకపోతేనే అవి త్వరగా నీరసిస్తాయి. స్టవ్ ఎత్తి కింద జిడ్డు గీకు. అలమరల్లో పరిచిన పాత పేపర్లు మీ అమ్మ నేర్పిన అలవాటే, నాకు తెలుసు. తీసెయ్, ఆ పేపర్ల కిందే బొద్దింకల పడకగది.

పాప పాకుతోంది కాబట్టి సుద్దముక్క గీతలు వద్దే వద్దు. అది పురుగుమందే, పిల్లలు వేలితో రాసి నోట్లో పెట్టుకుంటారు. బోరిక్ పౌడర్, గోధుమపిండి, పంచదార కలిపిన ఉండలు మంచివే, నేనూ చేసేదాన్ని. పాప చిన్నదిగా ఉన్నన్నాళ్లు అవీ వద్దు. జెల్ కూడా పాప చెయ్యి అందని చోటే. లవంగాలు, బిర్యానీ ఆకులు, కీరా తొక్కలు ఫోన్లో ఎవరెవరో చెబుతారు. నేను అన్నీ పెట్టి చూశాను, బిర్యానీ ఆకు మీదే కూర్చుంది ఒకటి.

బాత్రూములో పెద్దవి కనబడితే జాలీ బిగించు. ఊరెళ్లి వచ్చిన రోజు తూములో చెంబుడు నీళ్లు పొయ్యి. లోపలి నీళ్లు ఎండిపోతే వాటికి దారి తెరుచుకుంటుంది. పక్క ఫ్లాటువాళ్లతోనూ మాట్లాడు, పైపుల సందు ఇద్దరిదీ ఒకటే. మొహమాటపడకు, వాళ్లింట్లోనూ ఉండే ఉంటాయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సామాను అట్టపెట్టెల్లో తేకు, సంచుల్లో సర్దుకో. సంచులు కూడా వాకిట్లోనే దులిపిస్తాను, మీ ఆయన ఏమనుకున్నా సరే.

మీ పెద్దమ్మ