టెక్ సందేహాలు: ఆఫీసు నెట్‌ను ఎవరు తినేస్తున్నారు?

సందేహం: నాది చిన్న ఆడిటింగ్ ఆఫీసు. తొమ్మిది మంది స్టాఫ్. నెలనెలా 20వ తేదీ దగ్గర పడేసరికి నెట్ నత్తనడక నడుస్తోంది, జీఎస్టీఆర్-3బి (నెలవారీ జీఎస్టీ రిటర్న్) ఫైల్ చేయడానికి నానా తిప్పలు పడుతున్నాం. అందరూ యూట్యూబ్, ఇన్‌స్టా చూస్తున్నారని నా అనుమానం. ఎవరు ఏం చూస్తున్నారో తెలిసే సాఫ్ట్‌వేర్ చెప్పండి. ఆ సైట్లు రాకుండా ఆపొచ్చా?
- ఒక ఆడిటర్, గుంటూరు

జవాబు: సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక పని చేయండి. నెట్ మందగించినప్పుడు స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి. స్పీడ్ బాగానే వస్తోంటే తప్పు మీ లైన్‌ది కాదు, గడువు రోజు రద్దీకి అవతలి జీఎస్టీ సైటు సర్వర్ నెమ్మదించి ఉంటుంది.

స్పీడ్ నిజంగానే పడిపోయిందా? అప్పుడు ముందు ఫోన్ల సంగతి చూడండి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్, ప్లేస్టోర్ అప్‌డేట్లు మామూలుగా వైఫై దొరికాకే మొదలవుతాయి. పొద్దున్నే స్టాఫ్ వచ్చి కూర్చుంటారు, ఫోన్లు జేబుల్లోనే ఉంటాయి. అయినా రాత్రి పెళ్లిలో తీసిన వీడియోలన్నీ మీ లైన్ మీదుగా అప్‌లోడ్ అవుతూ ఉంటాయి. అప్‌లోడ్ నిండిపోతే మామూలు వెబ్‌పేజీ తెరుచుకోవడమూ కష్టమే. ఇందులో ఎవరూ పని ఎగ్గొట్టింది లేదు. కంప్యూటర్లలో అయితే విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్ ఇదే పని చేస్తాయి. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఏ ప్రోగ్రామ్ ఎంత లాగుతోందో అక్కడే తెలిసిపోతుంది.

కాబట్టి ఆఫీసు కంప్యూటర్లను ల్యాన్ కేబుల్‌తో కలపండి. రౌటర్ సెట్టింగ్స్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్ల కోసం విడిగా ఉండే వైఫై) ఆన్ చేసి ఫోన్లన్నిటికీ అదే ఇవ్వండి. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ ఉన్న రౌటర్ అయితే గెస్ట్‌కు పరిమితి పెట్టండి. అసలు వైఫై పాస్‌వర్డ్ మార్చి మీ దగ్గరే ఉంచుకోండి. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలున్న కంప్యూటర్లు ఎవరెవరి ఫోన్లతోనో ఒకే నెట్‌వర్క్‌లో ఉండకపోవడం మీకు ఇంకా పెద్ద లాభం. సగం ఆఫీసుల్లో సమస్య ఇక్కడితో తీరిపోతుందని నా నమ్మకం.

ఇక సైట్లు ఆపడం. సైటు పేరు చెబితే దాని నెట్ అడ్రసు వెతికిచ్చే సర్వీసును డీఎన్ఎస్ అంటారు. రౌటర్‌లో డీఎన్ఎస్‌గా 1.1.1.3, 1.0.0.3 ఇస్తే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఉచితంగా వైరస్ సైట్లనూ, అశ్లీల సైట్లనూ ఆపుతుంది. యూట్యూబ్, ఇన్‌స్టా దీనికి ఆగవు. వాటికి నెక్స్ట్‌డీఎన్ఎస్ లాంటి సర్వీసు కావాలి. ఏ సైటు ఆపాలో మీరే ఎంచుకోవచ్చు, భోజనం వేళ వదిలేసేలా టైమూ పెట్టుకోవచ్చు. ఉచిత ఖాతాలో నెలకు 3,00,000 క్వెరీల (సైటు అడ్రసు కోసం అడిగే ప్రతిసారీ ఒక క్వెరీ) వరకే ఫిల్టర్ పనిచేస్తుంది. తొమ్మిది కంప్యూటర్లకు చాలకపోవచ్చు. యూట్యూబ్‌ను మాత్రం పూర్తిగా మూయకండి. కొత్త ఫారం వచ్చినప్పుడు మీ వాళ్లు నేర్చుకునేది అక్కడే.

బ్రౌజర్లలో సెక్యూర్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంటుంది. అది వేరే సర్వీసుకు మారిస్తే మీ ఫిల్టర్ పక్కకు పోతుంది. స్టాఫ్‌కు అడ్మిన్ ఖాతా కాకుండా స్టాండర్డ్ ఖాతా ఇచ్చి, బ్రౌజర్‌లో ఆ సెట్టింగ్‌ను పాలసీ (స్టాఫ్ మార్చలేని అడ్మిన్ నిబంధన) ద్వారా లాక్ చేయించండి. సొంత మొబైల్ డేటా మీద చూసేవాళ్లను ఏ ఫిల్టరూ ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు. మీ లైన్ మీద భారం పడదు కదా.

ఎవరు ఏం చూస్తున్నారో చాటుగా చూసే సాఫ్ట్‌వేర్ మాత్రం నేను చెప్పను. స్క్రీన్ ఫొటోలు తీసే ప్రోగ్రామ్ ఉద్యోగి బ్యాంకు బ్యాలెన్సునూ తీస్తుంది, మీ క్లయింటు ఫైళ్లనూ తీస్తుంది. అవన్నీ ఎక్కడో సర్వర్‌లో చేరతాయి. రుమేనియాలో ఒక కంపెనీ ఎంతవరకు చూస్తుందో ముందుగా చెప్పకుండానే ఉద్యోగి యాహూ మెసెంజర్ చాట్ చదివి, అతన్ని తీసేసింది. 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ ఉద్యోగి పక్షాన తీర్పిచ్చింది. మన 2023 డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకు సిబ్బంది వివరాలు వాడుకోనిస్తుంది. అంతమాత్రాన చాటుగా తొంగిచూడటం సబబు కాదు. ఏవి ఆపుతున్నారో, ఏ లాగ్ (వాడకం రికార్డు) ఎన్నాళ్లు ఉంచుతారో ఒక కాగితం మీద రాసి అందరికీ చూపించండి. ఫిల్టర్ పెట్టేది ఆ తర్వాతే.

సందేహం: ఆఫీసు వైఫైలో ఉంటే నా వాట్సాప్ మెసేజ్‌లు మా సార్‌కు కనిపిస్తాయా? ఇన్‌కాగ్నిటో వాడితే చాలా?
- ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మీ సొంత ఫోన్‌లో అయితే మెసేజ్‌లు కనిపించవు. వాట్సాప్ వాడుతున్నారని, ఎంత డేటా అయిందని మాత్రం తెలియొచ్చు. మామూలు సైట్లకూ అంతే: సైటు పేరు తెలుస్తుంది, లోపల ఏ పేజీ చదివారో తెలియదు. ఇన్‌కాగ్నిటో మీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది తప్ప నెట్‌వర్క్ నుంచి దాచదు. ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో ఏ ప్రోగ్రామ్ పెట్టాలన్నది కంపెనీ చేతిలో ఉంటుంది, స్క్రీనే కనిపిస్తుంటే ఎన్‌క్రిప్షన్ (మెసేజ్‌ను దారిలో ఎవరూ చదవలేకుండా చేసే తాళం) ఏం చేయలేదు. అందులో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే ఇవాళే లాగౌట్ అవ్వండి.