గంజాయి అలవాటైన కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారా?

ప్రశ్న: మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన ఆగస్టులో గుజరాత్‌లోని వీరావల్‌కు చేపల వేటకు వెళ్తే మళ్లీ వేసవికే వస్తారు. ఇరవై ఏళ్ల మా అబ్బాయి శ్రీకాకుళంలో ఐటీఐ చదువుతూ మందుకీ, గంజాయికీ అలవాటుపడ్డాడు. నా చెవిదిద్దులు అమ్మేశాడు. పోయిన నెల డబ్బులు ఇవ్వనంటే తోసేశాడు, చెయ్యి బెణికింది. బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుకు చెప్పాను. ‘ఆసుపత్రికి పట్టుకెళ్తే గంజాయి కేసు రాసేస్తారు, గుంటడి బతుకు పోద్ది’ అంటున్నారు ఊళ్లో. ఒక చుట్టం మాత్రం విశాఖలో ఏదో సెంటర్ ఉందని, రాత్రిపూట బండేసుకొచ్చి ఎత్తుకెళ్లి ఆర్నెల్లు కట్టి ఉంచుతారని, పంపేయమంటున్నాడు. అప్పులవాళ్లు ఇంటిమీదకు వస్తున్నారు. నేనేం చేయాలి?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ భయం తీసేయండి. గంజాయి మాన్పించమని వచ్చిన మనిషి గురించి పోలీసులకు చెప్పి తీరాలని డాక్టరును ఏ చట్టమూ ఆదేశించలేదు. పైగా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మందు, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితిని కూడా జబ్బుగానే లెక్కిస్తుంది. ఆ వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టంలో 23వ సెక్షన్ చెబుతోంది.

గంజాయి తాగడం నేరం కాదా అంటే, నేరమే. 1985 మత్తుపదార్థాల చట్టం 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, పది వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఒకటుంది. అలవాటుపడిన మనిషి తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటగానీ చేరి చికిత్స చేయించుకుంటే, తాగినందుకు, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకు విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. గంజాయికి ఆ కొద్ది మోతాదు అంటే కిలో కన్నా తక్కువ. చికిత్స మధ్యలో ఎగ్గొడితే మాత్రం మినహాయింపు వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఆసుపత్రి ఇచ్చే ప్రతి కాగితం జాగ్రత్త చేయండి.

ఈ రక్షణ తాగేవాడికే, మోసేవాడికి కాదు. నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే. అలవాటుపడిన కుర్రాడి చేతిలో డబ్బులు అయిపోయాక, ఈ బ్యాగు ఫలానా చోట ఇచ్చి రా అనేవాడు ఒకడు తగులుతాడు. కిలో దాటితే పదేళ్ల వరకు శిక్ష. ఇరవై కిలోలు కూడా దాటితే పదేళ్లకు తక్కువ పడదు. స్టీలు క్యారేజీ చీరకొంగులో చుట్టుకుని, రిమాండులో ఉన్న కొడుకు కోసం కోర్టు వరండాలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడ్డ తల్లులను చూశాను. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే వాళ్లలో చాలామందిని నేను ఆసుపత్రికి పంపేదాన్ని. మీరు ఆ ఆరు నెలల ముందే ఉన్నారు.

వాడు రానంటే ఏం చేయాలి? మానసిక ఆరోగ్య చట్టం 89వ సెక్షన్ ప్రకారం, రోగి ఒప్పుకోకపోయినా దగ్గరి బంధువు దరఖాస్తు మీద ముప్పై రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఒక మానసిక వైద్యుడు, ఆయనతోపాటు మరో డాక్టరు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. జబ్బు తీవ్రంగా ఉందని, తనకో ఇతరులకో హాని చేస్తున్నాడని, ఇంతకన్నా తేలిక మార్గం లేదని ఇద్దరూ తేల్చాలి. ఇక్కడే మీ ఓపీ చీటీ అడ్డొస్తుంది. అందులో ‘జారిపడ్డారు’ అని ఉంది. కొడుకు పరువు కాపాడుదామని చెప్పిన ఆ ఒక్క మాట, వాడికి చికిత్స అవసరమని చూపే ఆధారాన్ని తుడిచేసింది. ఈసారి మానసిక వైద్యుడి దగ్గర తేదీతో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బెణుకులాంటి చిన్న దెబ్బకు మెజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు, కాబట్టి భయపడకండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక విభాగం మీకు దగ్గర. అక్కడ కుదరకపోతే విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉంది. వెళ్లే ముందు మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

ఆ సెంటర్‌కు మాత్రం పంపకండి. గొలుసులతో కట్టడాన్ని మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనూ ఒప్పుకోదు. పైగా రోజూ మందు తాగేవాడికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు లేని గదిలో కట్టేసి ఉంటే ఎవరు చూస్తారు? ఏ ప్రైవేటు సెంటరైనా సరే, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమనండి.

ఇక మీ సంగతి. ఉత్తరం మొత్తంలో మీ గురించి రాసుకున్నది ఒక్క వాక్యమే. 2005 గృహహింస చట్టం భార్యలకు మాత్రమే అనుకుంటారు చాలామంది. కొడుకు చేతిలో దెబ్బలు తిన్న తల్లికీ అది వర్తిస్తుంది. కొట్టకూడదని, మీ బంగారం జోలికి రాకూడదని మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. అవసరమైతే కొన్నాళ్లు ఇంటినుంచి బయట ఉండమనవచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు. కాబట్టి చికిత్సకు ఒప్పుకునేలా ఒత్తిడి పెట్టడానికీ అది పనికొస్తుంది. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. శ్రీకాకుళం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మీద చెయ్యి పడుతున్న క్షణంలో అయితే 112.

అప్పులవాళ్లకు ఒకటే మాట చెప్పండి: మేజరైన కొడుకు చేసిన అప్పుకు, హామీ సంతకం పెట్టని తల్లి బాధ్యురాలు కాదు. వాళ్లు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దు. ఇంట్లో వాడి ప్యాకెట్లు దాచి ఉంచడం కూడా వద్దు. తెలిసీ ఇల్లు వాడుకోనిచ్చారని మత్తుపదార్థాల చట్టం 25వ సెక్షన్ కింద మీ మీదకే రావచ్చు.

మీ ఆయనకు ఈరోజే ఫోన్ చేసి అంతా చెప్పండి. వేసవికి ఆయన వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆసుపత్రి దరఖాస్తు మీద తల్లిగా మీ సంతకం ఒక్కటే చాలు.