అండమాన్‌లో ఆరు రోజులు: ఎన్ని దీవులు పెట్టుకోవాలి?

జనవరిలో వైజాగ్ నుంచి ఆరు రోజులకు అండమాన్ వెళ్తున్నామని, మీరూ మీ ఆవిడా ఏడేళ్ల పాపా మీ అమ్మగారూ కలిసి నలుగురని రాశారు. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ అన్నీ పెట్టుకోవాలా, ఒకటి రెండు చోట్లే ఉండిపోవాలా అని అడిగారు. నేనైతే పోర్ట్ బ్లెయిర్ కాక ఒక్క దీవే పెట్టుకోమంటాను. అది కూడా వరసగా మూడు రాత్రులు. మేం రెండు రకాలుగానూ వెళ్లి వచ్చాం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిసారి 2019 ఫిబ్రవరిలో వెళ్లాం. అప్పుడు మా బాబుకి ఆరేళ్లు, మాతో మా అత్తయ్యగారు కూడా వచ్చారు. ట్రావెల్స్ అతను ఇచ్చిన ప్లాన్ చూసి మేమే మురిసిపోయాం. అయిదు రాత్రుల్లో నాలుగు చోట్లు! మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్, రెండో రోజు హావ్‌లాక్, మూడో రోజు నీల్, నాలుగో రోజు మళ్లీ పోర్ట్ బ్లెయిర్, అయిదో రోజు బారాటాంగ్, ఆరో రోజు విమానం. కాగితం మీద ఒక్క గంట కూడా వృథా కాలేదు.

అక్కడికి వెళ్లాక తెలిసింది, దీవి మారిన ప్రతిసారీ సగం రోజు పోతుందని. పొద్దున్న ఎనిమిదింటి బోటుకి ఏడింటికల్లా జెట్టీలో ఉండాలి. అంటే తెల్లవారుజామునే లేచి, పిల్లాణ్ని లేపి, ఆరని బట్టలు ప్లాస్టిక్ కవర్లో కుక్కి, సామాను సర్దాలి. అవతల దిగేసరికి తొమ్మిదిన్నర, పది. రూము మధ్యాహ్నం గానీ ఇవ్వరు. భోజనం చేసి, సామాను రూములో పడేసి బయటికొచ్చేసరికి రెండు దాటుతుంది. జనవరిలో అక్కడ సాయంత్రం అయిదుంబావుకల్లా పొద్దు గూకుతుంది. గడియారం మనదే అయినా ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి, వైజాగ్ కంటే దాదాపు అరగంట ముందే చీకటి పడుతుంది. అంటే ఆ రోజు మీ చేతికొచ్చేది మూడు గంటలు. మర్నాడు మళ్లీ పెట్టెలు సర్దుకోవడమే.

ఆ మూడు గంటలూ కూడా మన చేతిలో ఉండవు. నీల్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటి ఉంది, నేచురల్ బ్రిడ్జి అంటారు. నీరు బాగా తీసిన వేళే దాని దాకా రాళ్ల మీద నడిచి వెళ్లగలం. మేం వెళ్లింది పోటు వేళ. దూరం నుంచి చూసి వెనక్కి వచ్చేశాం. ఇంకో రోజు ఉండి ఉంటే వేళ చూసుకుని వెళ్లేవాళ్లం, కానీ మర్నాడు పొద్దున్నే మా బోటు. అత్తయ్యగారికైతే మూడు బోట్లలోనూ వాంతులే. మేం ఎక్కిన ప్రైవేటు బోట్లకి అన్నివైపులా అద్దాలు, లోపల ఏసీ, బయటికొచ్చి గాలి పీల్చుకునే వీల్లేదు. మీ అమ్మగారికి బస్సులోగానీ కారులోగానీ తల తిరిగే అలవాటుంటే డాక్టరుని అడిగి మాత్ర రాయించుకోండి. అది బోటెక్కిన తర్వాత కాదు, ముందే వేసుకోవాలి.

బారాటాంగ్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. చిన్నపిల్లతో, పెద్దావిడతో వద్దు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్, అంటే వాహనాలన్నీ కలిపి ఒకేసారి పంపే వరస, అందుకోవాలంటే రాత్రి మూడింటికే లేవాలి. అది జారవా ఆదివాసీల అడవి మధ్యగా పోయే దారి. ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు, తీస్తే కేసు పెడతారు. అక్కడికి జనం ముఖ్యంగా వెళ్లేది సున్నపురాయి గుహల కోసం. అవే చూడాలనుకుంటే మనకి బొర్రా గుహలు ఇంటి పక్కనే ఉన్నాయి కదండీ.

ఇలా ఎంచుకోవడం నాకు రెండోసారి వెళ్లేటప్పటికి గానీ తెలియలేదు. వైజాగ్‌లో ఉండేవాళ్లం బీచ్ చూడ్డానికి అండమాన్ వెళ్లక్కర్లేదు. ఆర్‌కే బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి, ఏ ఆదివారం కావాలంటే ఆ ఆదివారం చూడొచ్చు. మనకి లేనిది పిల్లల్ని భయం లేకుండా వదిలే నీళ్లు. ఆర్‌కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడినా వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఏటా ఎన్ని కుటుంబాలు అక్కడ పిల్లల్ని పోగొట్టుకుంటున్నాయో మనకి తెలుసు. మా బాబుని నేనెప్పుడూ అక్కడ చెయ్యి వదల్లేదు. హావ్‌లాక్‌లో తూర్పు వైపు, విజయనగర్ బీచ్ దగ్గర, గాలి లేని రోజున నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. అడుగున ఉన్న ఇసుక కూడా కనిపిస్తుంది. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట మాత్రం దిగకండి. ఏ రోజు ఎక్కడ దిగొచ్చో హోటల్ వాళ్లని అడిగి తెలుసుకోండి.

2023లో రెండోసారి వెళ్లినప్పుడు హావ్‌లాక్‌లోనే మూడు రాత్రులున్నాం. మొదటి రోజు ఎలిఫెంట్ బీచ్‌లో, నీళ్లలో తల ముంచి చేపల్ని చూసే మాస్కు పెట్టగానే బాబు ఏడ్చి తీసేశాడు. అప్పటికి వాడికి పదేళ్లు, అయినా నోటితో గాలి పీల్చమంటే భయపడ్డాడు. పాత ప్లానే అయితే అక్కడితో అయిపోయేది. రెండో రోజు ఎవరూ తొందరపెట్టలేదు. విజయనగర్ దగ్గర నడుం లోతులో వాడే మాస్కు పెట్టి తీసి, పెట్టి తీసి, గంటసేపటికి తల ముంచాడు. మూడో రోజు మళ్లీ ఎలిఫెంట్ బీచ్‌కే వెళ్దామన్నాడు. పగడపు రాళ్ల మధ్య చిలక చేపల్ని చూసి, తల పైకెత్తి వాడు పెట్టిన కేక నాకింకా వినిపిస్తుంది. పిల్లలకైనా పెద్దవాళ్లకైనా నీళ్ల మీద ధైర్యం మొదటి రోజు రాదండీ. అదే నీళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లినప్పుడు వస్తుంది. అందుకే మూడు రాత్రులు ఒక్కచోటే అంటున్నాను.

'ఇంత దూరం వెళ్లి నీల్ చూడకుండా వస్తారా' అని చుట్టాలు అంటారు, మమ్మల్నీ అన్నారు. ఆ మాట విన్నప్పుడు మనసు లాగుతుంది, కాదనను. కానీ మొదటి ట్రిప్పులో ఏం గుర్తుందని మా అత్తయ్యగారిని ఇప్పుడడిగితే, సెల్యులార్ జైల్లో రాత్రి వేసే లైట్ అండ్ సౌండ్ షో గురించే చెబుతారు. ఒకప్పుడు ఏడు వరసల జైలు గదులుండేవనీ, ఇప్పుడు మూడే మిగిలాయనీ విని ఆవిడ కన్నీళ్లు పెట్టుకున్నారు. నీల్ పేరెత్తితే మాత్రం 'ఆ వాంతుల ఊరా' అంటారు. ఆ ఊరు నిజానికి ఎంత అందమైనదో! సుఖంగా చూసే వీలు మేం ఆవిడకి ఇవ్వలేదు.

ఇంకో దీవి చూశామన్న తృప్తి కావాలంటే రాస్ ఐలాండ్ ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటులో పావుగంట, ఇరవై నిమిషాలు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల అధికారులంతా ఉన్న చోటు. ఇప్పుడు మర్రి ఊడలు చుట్టుకున్న గోడలు, వాటి మధ్య తిరిగే జింకలు. పూట పని, సామాను కదపక్కర్లేదు.

కాబట్టి మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి జైలు చూడండి. తర్వాత మూడు రాత్రులు హావ్‌లాక్. అందులో ఒక సాయంత్రం రాధానగర్ బీచ్‌కి మూడింటికే చేరి, పొద్దు గూకేదాకా కదలకండి. అయిదో రాత్రికి పోర్ట్ బ్లెయిర్ వచ్చేయండి, రాస్ ఆ మధ్యాహ్నం పెట్టుకోవచ్చు. ఈ చివరి రాత్రిని మాత్రం ఎవరు చెప్పినా వదులుకోకండి. గాలి లేస్తే బోట్లు ఆపేస్తారు. 2016 డిసెంబరులో వర్దా తుఫాను ముందు హావ్‌లాక్, నీల్‌లలో వందల మంది చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. జనవరిలో అంత భయం లేకపోయినా, విమానం ఉన్న రోజునే బోటు పెట్టుకుంటే ఆ పూటంతా టెన్షనే. మీరు స్కూబా చేసినా, నీళ్లలోంచి వచ్చాక కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. అందుకూ ఈ రాత్రి పనికొస్తుంది.

మీ అమ్మగారు ఎక్కువ నడవలేకపోతే హావ్‌లాక్ బదులు నీల్‌లోనే మూడు రాత్రులు ఉండండి. అది చిన్న ఊరు, ఎటు వెళ్లాలన్నా ఆటోలో కాసేపే, హడావిడి తక్కువ. కాకపోతే నీరు తీసినప్పుడు అక్కడ పగడపు రాళ్లు పైకి తేలి ఈతకి వీలుండదు, వేళ చూసుకోవాలి. ఎనిమిది రాత్రులు దొరికితే మాత్రం రెండూ పెట్టుకోండి. రెండింటి మధ్యా బోటు సుమారు గంటే.

టికెట్ల మీద హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ని షహీద్ ద్వీప్ అని రాస్తారు. 2018లో పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. తప్పు టికెట్ ఇచ్చారేమోనని కంగారు పడకండి.

వైజాగ్ పోర్టు నుంచి ఓడలో వెళ్తే ఎలా ఉంటుందని చివర్లో అడిగారు. వెయ్యి కిలోమీటర్లకు పైనే దూరం, వెళ్లడానికే రెండు రోజులు దాటుతుంది, అదీ రోజూ ఉండే సర్వీసు కాదు. ఆరు రోజుల సెలవులో కుదరదు, విమానమే చూసుకోండి. భాష గురించి మీ అమ్మగారిని బెంగపడొద్దనండి. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఆటో అతను మా మాటలు విని, 'ఏ ఊరండి మీది?' అని తెలుగులోనే పలకరించాడు.