ఛాతీలో గుంట, ఎక్స్‌రేలో ‘నిమ్ము’: పిల్లాడికి సీటీ స్కాన్ తీయించాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా బాబుకు 12 ఏళ్లు. ఛాతీ మధ్యలో చిన్నప్పటి నుంచే కొంచెం గుంట ఉండేది. ఈ ఏడాది పొడుగు పెరిగేకొద్దీ అది లోతైంది. పరుగెత్తితే తొందరగా ఆయాసం వస్తోంది. దగ్గు, జ్వరం లేవు. ఎక్స్‌రే తీసి కుడివైపు నిమ్ము ఉందని మందులు రాశారు. కోర్సు అయ్యాక మళ్లీ తీస్తే అలాగే ఉందని ఇంకో కోర్సు వాడించారు. ఇప్పుడు సీటీ స్కాన్ అంటున్నారు. ఊళ్లో వాళ్లేమో ఫ్లోరైడ్ వల్లే అంటున్నారు. వాడు చొక్కా విప్పాల్సి వస్తుందని బావిలో ఈతకు పోవడం కూడా మానేశాడు. సీటీతో రేడియేషన్ ప్రమాదం ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: ముందు ఆ నిమ్ము సంగతి చూద్దాం. జ్వరం లేదు, దగ్గు లేదు, రెండు కోర్సులు వాడినా నీడ కదల్లేదు, పైగా ఛాతీలో గుంట ఉంది. మీరు రాసినదాన్ని బట్టి అది నిమ్ము కాకపోవడానికే అవకాశం ఎక్కువ. రొమ్ము ఎముక లోపలికి కుంగడాన్ని పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటాం. అలాంటి పిల్లల్లో గుండె కాస్త ఎడమకు జరుగుతుంది. కుంగిన ఛాతీ గోడ నీడ గుండె కుడి అంచు మీద పడి, ఆ అంచు చెరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఎదురుగా తీసిన ఫిల్ము ఒక్కటే చూస్తే కుడి ఊపిరితిత్తి మధ్య భాగంలో నిమ్ము ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే అదే ఫిల్ములో వెనుక పక్కటెముకలు అడ్డంగా, ముందువి ఏటవాలుగా బాగా కిందికి దిగి ఉంటాయి. అది గమనిస్తే అనుమానం వస్తుంది. పక్క నుంచి ఇంకో ఎక్స్‌రే తీస్తే రొమ్ము ఎముక ఎంత లోపలికి పోయిందో నేరుగా తెలుస్తుంది. నిజానికి ఫిల్ము చూసేముందు పిల్లాడి చొక్కా విప్పించి చూస్తే సగం పని అయిపోతుంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా, బాబు బరువు తగ్గుతున్నా మాత్రం ఆ పరీక్షలు విడిగా చేయించాల్సిందే.

ఇక ఫ్లోరైడ్. మీ మండలంలో ఏ ఎముక వంకరగా కనిపించినా మనసు నీళ్లలోని ఫ్లోరైడ్ మీదికే పోతుంది. అక్కడి మనుషులు పడిన బాధ అలాంటిది, తప్పు పట్టలేం. కానీ ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బులో ఎక్స్‌రేలో ఎముకలు మరీ తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి, వెన్ను బిగుసుకుపోతుంది, ముంజేతి ఎముకల మధ్య పొర గట్టిపడుతుంది. రొమ్ము ఎముక ఒక్కటే కుంగడం దాని లక్షణం కాదు. పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి (మెత్తటి ఎముక) తేడాగా పెరగడం వల్ల ఈ గుంట పడుతుంది. కొన్ని కుటుంబాల్లో వరుసగా కనిపిస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. బాబుకు కాళ్లు కూడా వంకరగా ఉంటే రికెట్స్ (విటమిన్ డి లోపం వంటి వాటితో ఎముకలు మెత్తబడే జబ్బు) ఉందేమో చూడటానికి మణికట్టు ఎక్స్‌రే, విటమిన్ డి పరీక్ష చేయించండి.

సీటీ విషయానికొస్తే, దాన్ని ప్రధానంగా ఒక కొలత కోసం తీస్తారు. గుంట బాగా లోతుగా ఉన్న చోట ఛాతీ లోపలి అడ్డం కొలతను, రొమ్ము ఎముక వెనుక నుంచి వెన్నుపూస ముందు వరకు ఉన్న దూరంతో భాగిస్తారు. అడ్డం 24 సెంటీమీటర్లు, ఆ దూరం 6 సెంటీమీటర్లు అయితే 4 వస్తుంది. దీన్ని హాలర్ ఇండెక్స్ అంటారు, 1987 నుంచి వాడుకలో ఉంది. మామూలుగా ఇది 2.5 దరిదాపుల్లో ఉంటుంది. 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు, కానీ ఆ అంకె ఒక్కదాన్ని పట్టుకునే ఎవరూ కత్తి పట్టరు. ఊపిరి పీల్చినప్పుడు, వదిలినప్పుడు కూడా అది మారుతుంది. మొదటి అంచనాకు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన ఎక్స్‌రేలు చాలు. కాబట్టి ఆపరేషన్ ఆలోచన లేనప్పుడు, నిమ్ము ఉందో లేదో తేల్చుకోవడానికని ఇప్పుడే సీటీకి పరుగెత్తకండి.

రేడియేషన్ భయం పూర్తిగా అనవసరమని అనను. ఛాతీ ఎక్స్‌రే డోసు దాదాపు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ. పెద్దవాళ్లకు మామూలుగా తీసే ఛాతీ సీటీలో 5 నుంచి 7 దాకా ఉంటుంది. అలాగని ఒక్క సీటీతో ఏదో అయిపోదు. సర్జన్ అవసరమంటే పిల్లల తక్కువ డోసు పద్ధతిలో, ఒక్కసారే తీయమని అడగండి. ఈ కొలతకు కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే మందు) అక్కర్లేదు. ఎంఆర్ఐలో రేడియేషనే ఉండదు, ఇదే కొలత అందులోనూ వస్తుంది. 12 ఏళ్ల పిల్లాడు కదలకుండా పడుకోగలడు కాబట్టి మత్తు కూడా అవసరం పడకపోవచ్చు. ఖర్చు ఎక్కువ, అదొక్కటే ఇబ్బంది.

నా దృష్టిలో స్కాన్ కంటే ముందు చేయించాల్సింది గుండె ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష. కుంగిన ఎముక గుండె కుడి భాగాన్ని నొక్కుతోందా, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం సరిగ్గా ఉందా అన్నది అందులో తెలుస్తుంది. బాబు బాగా పొడుగ్గా, సన్నగా ఉండి, వేళ్లు పొడవుగా, చేతులు చాపితే ఎత్తు కంటే ఎక్కువ వస్తుంటే మార్ఫాన్ అనే జన్యు సమస్య ఉందేమో చూడాలి. అందులో గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని కొలత ముఖ్యం. దాంతోపాటు ఊపిరి పరీక్ష స్పైరోమెట్రీ చేయించి, వెన్ను పక్కకు వంగిందేమో చూపించండి.

ఈ గుంట వ్యాయామంతో పైకి లేవదు. అవసరమైతే నస్ పద్ధతిలో రొమ్ము ఎముక కింద లోహపు కడ్డీ అమర్చి, రెండు మూడేళ్ల తర్వాత తీసేస్తారు. టీనేజీ మొదట్లో, మధ్యలో చేస్తారు కాబట్టి మీకు సమయం ఉంది. బాబు ఈత మానేయడాన్ని మాత్రం చిన్న విషయంగా తీసుకోకండి, డాక్టరుతో తప్పక చెప్పండి. పిల్లల సర్జన్లు ఆ బాధను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

నల్లగొండలో పిల్లల డాక్టరు దగ్గర ఎకో, పక్క ఎక్స్‌రే చేయించుకుని, హైదరాబాద్‌లో పిల్లల సర్జన్‌ను కలవండి. పరుగెత్తుతూ కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాత ఫిల్ములు రెండూ వెంట ఉంచుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.