ఫెయిలా, బ్లాక్డా? కొత్త టెస్టర్లు తడబడే చోటు

కొత్తగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్‌లో చేరిన ఒకమ్మాయి అడిగింది: "అన్నగారూ, రోజంతా టెస్ట్ చేసి, కనిపించిన లోపాలను జిరాలో (లోపాలను టికెట్లుగా నమోదు చేసే టూల్) రాస్తున్నాను. తెల్లారేసరికి 'కెనాట్ రీప్రొడ్యూస్' (ఆ లోపం మాకు రావడం లేదు) అని టికెట్లు వెనక్కి వచ్చేస్తున్నాయి. నాకు పనే రాదనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది."

పని రాకపోవడం కాదు చెల్లెమ్మా. మీ టికెట్‌ను వేరే దేశంలో ఉన్న డెవలపర్ తెరిచే వేళకు మీరు నిద్రలో ఉంటారు. అతనికి వచ్చే ప్రతి సందేహానికీ జవాబు ఆ టికెట్‌లోనే దొరకాలి.

నేను పనిలో చేరిన కొత్తలో "లాగిన్ పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మాకు పనిచేస్తోందే అని వాళ్లు, లేదని నేను. రెండు రోజులు అలాగే పోయాయి. చివరికి చూస్తే, నేను ఫైల్ నుంచి కాపీ చేసిన పాస్‌వర్డ్ చివర ఒక స్పేస్ ఉంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ వెర్షన్ (బిల్డ్), టెస్ట్ చేసిన సర్వర్ (స్టేజింగ్), బ్రౌజర్‌తో సహా మళ్లీ ఇలా రాశాను: "బిల్డ్ 4.2.17, స్టేజింగ్, క్రోమ్. పాస్‌వర్డ్ చివర స్పేస్ ఉంటే 5 సార్లకు 5 సార్లూ ఇదే జరిగింది. రావలసింది: పాస్‌వర్డ్ తప్పు అన్న మెసేజ్. వచ్చింది: ఖాళీ తెల్ల పేజీ." సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైల్ కూడా జత చేశాను. ఆ తర్వాత ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఎక్స్‌రే, జెఫిర్ లాంటి టెస్టుల లెక్క చూసే టూల్స్ జిరాకు కలిపి వాడే టీముల్లో ప్రతి టెస్ట్‌కూ ఒక స్టేటస్ పెట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సర్వర్ పడిపోయి 30 టెస్టులు నడపలేకపోతే అవి ఫెయిల్ కాదు, బ్లాక్డ్ (వేరే అడ్డంకి వల్ల నడపలేకపోయినవి). ఏ టికెట్ వల్ల ఆగిపోయాయో దానికి లింక్ ఇవ్వండి. ఫెయిల్ అని పెడితే ప్రోడక్ట్‌లో 30 లోపాలున్నాయని మేనేజర్ కంగారుపడతారు, రిలీజే ఆగిపోవచ్చు. ఇక పోయిన వారం పాసైంది కదా అని ఈ వారం నడపకుండా పాస్ పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నడపనిది నడపలేదనే ఉండనివ్వండి.

రిపోర్ట్‌లో శాతం ఒక్కటే రాస్తే సరిపోదు. "120 కేసుల్లో 104 పాస్, 6 ఫెయిల్, 10 బ్లాక్డ్, ఆ 6లో 4 పేమెంట్‌వే" అని రాస్తే రిలీజ్ చేయాలో వద్దో పైవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. 04/05 అంటే అమెరికా వాళ్లకు ఏప్రిల్ 5, బ్రిటన్ వాళ్లకు మే 4. 2025-04-05 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి, టైమ్‌ను యూటీసీలో (అన్ని దేశాలకూ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఇచ్చి పక్కన యూటీసీ అని చేర్చండి. స్క్రీన్‌షాట్‌లో నిజమైన కస్టమర్ల పేర్లు, ఈమెయిళ్లు కనిపిస్తే చెరిపేశాకే జత చేయండి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ విషయంలో చాలా గట్టిది.

మన వాళ్లలో నేను తరచూ చూసేది మొహమాటం. సీనియర్ రాసిన కోడ్ తప్పని ఎలా రాయాలని జంకి "దాదాపు పాస్", "చిన్న ఇష్యూ అనుకుంటా" అని రాస్తారు. ఆ మాటలతో డెవలపర్‌కు ఏమీ తెలియదు. మీరు రాసేది ప్రోడక్ట్ గురించి, మనిషి గురించి కాదు. "మీ కోడ్ తప్పు" అనక్కర్లేదు, "సేవ్ నొక్కితే అడ్రస్ మారలేదు" అంటే చాలు. ఎవరూ నొచ్చుకోరు. సివియారిటీ (లోపం ఎంత తీవ్రమైనదో) మీరు చూసినదాన్ని బట్టి పెట్టండి. ఏది ముందు సరిచేయాలనే ప్రయారిటీని చాలా టీముల్లో ప్రోడక్ట్ ఓనర్ (ప్రోడక్ట్‌లో ఏం చేయాలో నిర్ణయించేవారు) చూసుకుంటారు.

ఫిక్స్ వచ్చిందనగానే టికెట్ మూసేయకండి. కొత్త బిల్డ్‌లో అవే స్టెప్స్ మళ్లీ నడపండి. లోపం పోయిందంటే ఏ బిల్డ్‌లో చూశారో కామెంట్‌లో రాసి అప్పుడు మూయండి. ఇంకా వస్తుంటే కొత్త టికెట్ వద్దు, పాతదాన్నే రీఓపెన్ చేయండి. అప్పటిదాకా జరిగిందంతా అక్కడే ఉంటుంది.