పార్వాల్బుమిన్ వెలగలేదంటే కణం లేనట్టేనా?

ప్రశ్న: పుట్టిన ఏడో రోజు చుంచెలుక పిల్లల మెదడు సెక్షన్ల (పలుచని ముక్కల) మీద పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని, అది ఉన్న కణాలను వెలిగేలా చూపే యాంటీబాడీ వేశాం. కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) ఒక్క కణమూ వెలగలేదు. మళ్లీ చేసినా అంతే. యాంటీబాడీ పాడైందా? ఇంటర్‌న్యూరాన్లు (పక్క కణాలను అదుపు చేసే నాడీకణాలు) లేవని రాయొచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బరంపురం

జవాబు: అలా రాయకండమ్మా. కణాలు ఉన్నాయి, పార్వాల్బుమినే ఇంకా రాలేదు. చుంచెలుక కార్టెక్స్‌లో ఈ ప్రొటీన్ రెండో వారంలో తలెత్తి, నాలుగో వారానికి గానీ నిండుగా కనపడదు. కణాలు మాత్రం పిండదశలోనే, పిండం మెదడు అడుగున ఉండే మీడియల్ గాంగ్లియానిక్ ఎమినెన్స్ అనే ఉబ్బెత్తు భాగంలో పుట్టి, అడ్డంగా పాకుతూ కార్టెక్స్ చేరతాయి.

యాంటీబాడీ సంగతి తేల్చుకోడానికి కొత్త సీసా కొనక్కర్లేదు. సెక్షన్‌లో థాలమస్ (మెదడు నడిమి భాగం) కూడా ఉంటే, దాని బయటి అంచున ఇంటర్నల్ క్యాప్సూల్ అనే నాడీతంతువుల కట్టని ఆనుకుని వంపు తిరిగిన సన్నని పట్టీ చూడండి. అది రెటిక్యులర్ న్యూక్లియస్. అక్కడ పార్వాల్బుమిన్ కార్టెక్స్ కంటే ముందే వస్తుంది. ఆ పట్టీ వెలిగి కార్టెక్స్ చీకటిగా ఉంటే మీ పని సరిగ్గానే జరిగింది. పట్టీ కూడా చీకటైతే ముందు ఫిక్సేషన్‌ని (కణజాలం చెడకుండా రసాయనంలో ఉంచడాన్ని) అనుమానించండి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఒక రాత్రి చాలు. రోజుల తరబడి ఉంచితే యాంటీబాడీ పట్టుకునే చోటు మూసుకుపోతుంది. అలాంటి సెక్షన్లను పీహెచ్ 6 సిట్రేట్ బఫర్‌లో 80 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి చూడండి.

కణాలకు బదులు రక్తనాళాలు వెలుగుతున్నాయా? అయితే ప్రొటీన్‌ని పట్టుకునే మీ మొదటి యాంటీబాడీ చుంచెలుకలో తయారైనదై ఉంటుంది. దాన్ని పట్టుకుని వెలిగే రెండో యాంటీబాడీ పిల్ల రక్తంలోని ఇమ్యునోగ్లోబులిన్‌కే (సహజ యాంటీబాడీలకే) అంటుకుంటోంది. కుందేలులోనో మేకలోనో తయారైన మొదటి యాంటీబాడీని తెప్పించుకోండి. ఇంకో మాట: ప్రొటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో, కరెంటు పోయిన మీ ఊరి ల్యాబ్ అలా ఉండదు. సెక్షన్ అంచులు ఎండి వట్టినే వెలుగుతాయి. మొదటి యాంటీబాడీని రాత్రంతా 4 డిగ్రీల్లోనే ఉంచండి.

ఏడో రోజు కణాల లెక్క కావాలంటే ఎల్‌హెచ్‌ఎక్స్6, సొమాటోస్టాటిన్ అనే రెండు ప్రొటీన్ల యాంటీబాడీలూ కలిపి వేయండి. మొదటిది కణ కేంద్రకంలో, రెండోది దాని చుట్టూ సైటోప్లాజంలో గింజలు గింజలుగా కనిపిస్తుంది. ఎల్‌హెచ్‌ఎక్స్6 ఉండి సొమాటోస్టాటిన్ లేనివాటిలో ఎక్కువ భాగం రేపటి పార్వాల్బుమిన్ కణాలే. అయితే ఈ మొదటి రెండు వారాల్లోనే ఇంటర్‌న్యూరాన్లు చాలా సహజంగా చనిపోతాయి. అందుకే 6వ రోజు పిల్లని 8వ రోజు పిల్లతో పోల్చకూడదు. పుట్టిన రోజును సున్నా అన్నారో ఒకటి అన్నారో నోట్‌బుక్‌లో తప్పక రాసుకోండి.

ఎదిగిన చుంచెలుకల్లో కూడా జాగ్రత్త. నాడీ చురుకుదనం తగ్గితే పార్వాల్బుమిన్ పరిమాణం తగ్గుతుంది, కణం బతికే ఉంటుంది. కణాలు తగ్గాయని రాసేముందు ఇంకో మార్కర్‌తో (ఆ కణాలను గుర్తుపట్టించే వేరే ప్రొటీన్‌తో) సరిచూడండి.

ప్రశ్న: పిండం కార్టెక్స్ పైపొరలో కాల్రెటినిన్ అనే ప్రొటీన్ బాగా వెలిగింది. అవి ఇంటర్‌న్యూరాన్లేనా?
– అధ్యాపకుడు, పర్లాకిమిడి

జవాబు: ఎక్కువ భాగం కావు. అవి కహాల్-రెట్జియస్ కణాలు, విడుదల చేసేది పక్క కణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్. వాటిలో రీలిన్ అనే ప్రొటీన్ కూడా ఉంటుంది, కానీ అది కొన్ని ఇంటర్‌న్యూరాన్లలోనూ ఉంటుంది కాబట్టి రీలిన్ వేసినా విడదీయలేరు. పక్క సెక్షన్‌లో కాకుండా అదే సెక్షన్‌లో గాడ్67 (ఇంటర్‌న్యూరాన్లు విడుదల చేసే గాబాని తయారుచేసే ఎంజైమ్) కూడా చూసి, కాల్రెటినిన్, గాడ్67 రెండూ ఉన్నవాటినే ఇంటర్‌న్యూరాన్ల లెక్కలోకి తీసుకోండి.